నీళ్ళ మీద పని, ఈత మీద భారం

హుస్సేన్ సాగర్ మధ్యలో ఉన్న బుద్ధుడి గురించి హైదరాబాద్‌లో ఎవర్నడిగినా ఓ కథ చెప్తారు. రాయగిరి దగ్గర కొండరాయిలోంచి చెక్కారు, 58 అడుగులు, ఏకశిల, 1990 మార్చి 10న బార్జి మీదకెక్కించి తీసుకెళ్తుంటే ఒడ్డు నుంచి కాస్త దూరం పోయిందో లేదో బార్జి ఒరిగి విగ్రహం నీళ్ళలో పడిపోయింది, రెండేళ్ళకి పైగా అడుగునే పడుంది, 1992లో మళ్ళీ పైకి తీసి నిలబెట్టారు. ఇంతవరకూ అందరికీ తెలుసు. ఆ రోజు ఆ బార్జి మీద పనిలో ఉన్న మనుషులు కూడా నీళ్ళలో పడ్డారని, వాళ్ళల్లో కొంతమంది ప్రాణాలతో బయటికి రాలేదని చెప్తే మాత్రం "అవునా, అది తెలీదే" అంటారు. ఊర్నించి చుట్టాలొచ్చి లుంబినీ పార్కులో లాంచీ ఎక్కినప్పుడల్లా నేను ఈ సంగతి చెప్తుంటాను, వాళ్ళు ఫోటోలు తీసుకుంటూ ఊఁ కొడతారు, అంతే. విగ్రహం ఎన్నాళ్ళు నీళ్ళలో ఉందో గుర్తుంది, మనుషుల సంగతి గుర్తులేదు.

నా బాధ ఆ ఒక్క ప్రమాదం గురించి కాదు. చెరువుల్లో, రిజర్వాయర్లలో, చేపల గుంటల్లో పనిచేస్తూ మునిగి చనిపోయినవాళ్ళని మనం పనిలో చనిపోయినవాళ్ళ కింద లెక్కేయం. ఫ్యాక్టరీలో బాయిలర్ పేలితే యాజమాన్యం నిర్లక్ష్యం అంటాం, బిల్డింగ్ మీంచి కూలీ పడిపోతే కాంట్రాక్టర్ని నిలదీస్తాం, అదే చెరువులో వలేస్తూ ఒకడు పోతే "పాపం జలగండం ఉందేమో" అంటాం, లేదా "తాగున్నాడేమో" అంటాం, రెండిట్లో ఏదన్నా అక్కడితో అయిపోతుంది. జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త, ప్రమాదవశాత్తూ కాలు జారి అని. పోలీసులు కూడా అలాగే రాసుకుంటారు, మొన్నటిదాకా పాత నేర విచారణ చట్టం సీఆర్పీసీ 174 కింద, 2024 జులై నుంచి దాని బదులొచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 194 కింద, పంచనామా, పోస్ట్‌మార్టం, ఫైలు క్లోజ్. చెరువు ఎవరిది, పనికి ఎవరు పిలిచారు, పడవలో తాడన్నా ఉందా అని అడిగే గడి ఆ కాగితాల్లో ఎక్కడా ఉండదు.

దేశం లెక్కల్లోనూ అదే తంతు. దేశమంతటి నేరాల, ప్రమాదాల లెక్కలు రాసే ఎన్‌సీఆర్‌బీ రిపోర్టు చూస్తే 2022లో నీళ్ళలో మునిగి పోయినవాళ్ళు 38 వేల పైచిలుకు. దాన్ని పడవ బోల్తా, నీళ్ళలోకి జారిపడటం, ఇతరత్రా అని విడగొడతారు, బాగానే ఉంది, కానీ ఆ మనిషి ఆ టైములో స్నానానికి దిగాడా, ఈత సరదాకి దిగాడా, కూలి డబ్బుల కోసం దిగాడా అన్నది అందులో లేదు. 2023 డిసెంబర్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ మునిగిపోయే మరణాలు తగ్గించడానికని ఒక జాతీయ ప్రణాళిక కాగితం తెచ్చింది, ఐక్యరాజ్యసమితి 2021లో జులై 25ని దీనికోసం ఒక రోజుగా ప్రకటించింది, అవన్నీ మంచివే. మా వైపు గట్ల మీద మాత్రం ఆ రోజు వచ్చిందీ పోయిందీ ఎవరికీ తెలీదు.

మాది కైకలూరు వైపు, కొల్లేరు పక్కనే. బాబాయిలకి చేపల చెరువులున్నాయి, కాబట్టి ఇది బయటి నుంచి చూసి తిట్టే తిట్టు కాదు, ఇంట్లో అన్నం తింటూ పెట్టుకునే గొడవ. కొల్లేరు అనగానే జనానికి పక్షులు, పెద్దింట్లమ్మ జాతర, 2006లో అక్రమ చేపల చెరువుల గట్లు బాంబులు పెట్టి కొట్టేసిన ఆపరేషన్ గుర్తొస్తాయి. ఆ చుట్టూ ఉన్న వేల ఎకరాల చెరువుల్లో రోజూ నీళ్ళ మీద నిలబడి పని ఎలా చేస్తారో చూసినవాళ్ళు తక్కువ. బొచ్చె, శీలావతి చెరువుల్లో మేత ఎలా పెడతారో తెలుసా, తవుడూ చెక్కా కలిపి ప్లాస్టిక్ సంచుల్లో నింపి, సంచి అడుగున చిల్లులు పెట్టి, చెరువులో వరసగా పాతిన కర్రలకి కట్టుకుంటూ పోతారు, చేప కింద నుంచి వచ్చి పొడుచుకుని తింటుంది. మేత వృథా కాకుండా మా రైతులు పట్టిన తెలివైన పద్ధతి, దానికి నేనూ చప్పట్లు కొడతాను. కానీ ఆ సంచులు కట్టే మనిషి వైపు నుంచి చూడండి. పడవ నిండా సంచులు, అంచు నీళ్ళకి జానెడు ఎత్తులో ఉంటుంది, ఒక చేత్తో గెడ వేస్తూ పోవాలి, కర్ర దగ్గర ఆపి, నిలబడి, పక్కకి వంగి సంచి కట్టాలి. పక్కకి వంగడం అంటే బరువంతా ఒక అంచు మీద వేయడమే. తెల్లారేలోపు ఇలా ఎన్నిసార్లు వంగుతాడో. దీన్ని ప్రమాదకరమైన పని అని ఎవరూ అనరు, మేత పని అంటారు.

దానికి తోడు మబ్బు పట్టిన రోజులు. ఎండ లేకపోతే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లవారుజామున చేప తల తేలేస్తుంది, అప్పుడు కాపలా మనిషికి ఫోన్ మీద ఫోన్, మోటార్లు వెయ్యి, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు వెయ్యి, మందు చల్లు అని. లక్షల చేప గంటలో పోతుందంటే రైతు గుండె ఆగిపోతుంది, అది నాకు తెలుసు, మా ఇంట్లోనే చూశాను. కానీ ఆ చీకట్లో, వానలో, జారే గట్టు మీద పరిగెత్తి ఒంటరిగా పడవ తోసుకుని చెరువు మధ్యకి పోయేది నెల జీతానికి పెట్టుకున్న మనిషి. తడిసిన కరెంటు వైర్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు, అది ఇంకో వ్యాసం. చాలా చోట్ల ఆ కాపలా మనిషి ఒడిశా నుంచో అస్సాం నుంచో వచ్చుంటాడు, పెళ్ళాం పిల్లలతో గట్టు మీద పాకలోనే ఉంటాడు. పాక ముందు నాలుగడుగుల గట్టు, ఆ తర్వాత నీళ్ళే. తల్లీ తండ్రీ ఇద్దరూ పనిలో ఉంటే ఆ రెండేళ్ళ పిల్ల ఎక్కడుంటుంది? పాక చుట్టూ మోకాలెత్తున పాత వలతో ఒక దడి కట్టడానికి ఎంతవుతుంది చెప్పండి, చినిగిన వలలు ప్రతి షెడ్డులోనూ గుట్టలుగా పడుంటాయి.

ఈ మాటలన్నీ చెప్తే వెంటనే వచ్చే జవాబు ఒకటే. "వాళ్ళకి ఈతొచ్చు."

దీని మీదే నాకు అసలు కోపం. ఈత రావడం వేరు, పనిలో ఉండగా నీళ్ళలో పడటం వేరు. ఈతకి దిగేవాడు బట్టలిప్పి, ఊపిరి తీసుకుని, ఎక్కడ దిగుతున్నాడో చూసుకుని దిగుతాడు. పనిలో పడేవాడు లుంగీతో, ఫుల్‌హ్యాండ్స్ చొక్కాతో, చేతిలో ఏదో పట్టుకుని, చూడకుండా పడతాడు. విసురు వల వేసేవాళ్ళు తాడు చివర ముడి మణికట్టుకి వేసుకుంటారు, వల చేయి జారిపోకూడదని, ఆ వల అంచు చుట్టూ బరువు గుళ్ళుంటాయి, అది అడుగున ఏ మొద్దుకో పట్టుకుంటే ఇప్పుడు చేతులు ఈత కొట్టాలా ముడి విప్పాలా? కాళ్ళకి కట్టు వల చుట్టుకుంటే అసలు తన్నలేరు, ఎంత తన్నుకుంటే అంత బిగుస్తుంది. గుర్రపుడెక్క కిందకి పోతే పైకి రావడానికి దారి కనపడదు. ఇక తెలంగాణ చెరువుల్లో, మా వైపు కూడా, ఎండాకాలంలో జేసీబీతో మట్టి తోలుకుపోయిన గుంటలుంటాయి, పై నుంచి చూస్తే నీళ్ళన్నీ ఒకేలా ఉంటాయి, నడుం లోతులో వల లాగుతూ నడుస్తున్న మనిషి ఒక్క అడుగుతో రెండు నిలువుల లోతులోకి పోతాడు. చిన్నప్పట్నుంచీ ఆ చెరువులోనే పెరిగాడు, ప్రతి అంగుళం తెలుసు అంటారు. తెలిసిన చెరువు పోయినేడాదిది, ఈ ఏడాది అడుగు వేరు.

ఇంకోటి కూడా చాలామందికి తెలీదు, మునిగిపోయే మనిషి సినిమాలోలాగా చేతులూపి కాపాడండి కాపాడండి అని అరవడు. అరవాలంటే ముందు ఊపిరి కావాలి. నోరు నీళ్ళ పైకి వచ్చిన ఆ ఒక్క క్షణం గాలి పీల్చుకోవడానికే చాలదు, చేతులు తనకి తెలీకుండానే పక్కలకి చాపి నీళ్ళని కిందకి నొక్కుతుంటాడు, ఒక్క నిమిషం లోపే, ఒక్కోసారి ఇరవై ముప్పై సెకన్లకే లోపలికి పోతాడు. గట్టు మీద ఇంకో మనిషి బీడీ కాల్చుకుంటూ ఉన్నా కూడా వినపడదు. కాబట్టి "పడితే కేకేస్తాడు, మనవాళ్ళు దూకుతారు" అనే ప్లాను ప్లానే కాదు.

మరి ఏం కావాలి? చాలా తక్కువ కావాలి. మనిషి శరీరం నీళ్ళలో దాదాపు తేలుతుంది, తల నీళ్ళ పైన నిలబెట్టడానికి పెద్దవాళ్ళకి అదనంగా కావాల్సిన ఆసరా మూడు నుంచి ఐదు కిలోలు, అంతే. మూత గట్టిగా బిగించిన ఐదు లీటర్ల ఖాళీ నూనె డబ్బా దాదాపు ఐదు కిలోలు మోస్తుంది, మన ఇళ్ళకొచ్చే ఇరవై లీటర్ల వాటర్ క్యాను మూత సీలు చేస్తే నలుగురు పట్టుకుని వేలాడొచ్చు. దానికి పదిహేను ఇరవై మీటర్ల నైలాన్ తాడు కట్టి పడవలో ఒకటి, గట్టు మీద మోటారు షెడ్డు దగ్గర ఒకటి పెడితే చాలు. ఇది లైఫ్ జాకెట్‌కి బదులు కాదు, ఆ మాట గట్టిగా చెప్తున్నాను, క్యాను పట్టుకోవాలంటే మనిషికి స్పృహ ఉండాలి, తల పడవ అంచుకి కొట్టుకుంటేనో ఫిట్స్ వస్తేనో పట్టుకోలేడు, జాకెట్ అయితే ఒంటి మీదే ఉంటుంది. కానీ ఏమీ లేనిచోట క్యానూ తాడూ పెట్టడానికి ఏ స్కీమూ అక్కర్లేదు.

జాకెట్ల విషయంలో నేను పనివాళ్ళని తిట్టను. మే నెలలో నలభై రెండు డిగ్రీల ఎండలో ఆ లావుపాటి స్పాంజి జాకెట్ వేసుకుని వల లాగమంటే నేనూ లాగలేను. చెమటకి కంపు కొడుతుంది, వల దారాలు బకిల్స్‌కి తగులుకుంటాయి, వంగితే గడ్డానికి గుచ్చుకుంటుంది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగినప్పుడు కూడా, చాలామంది అప్పటికే జాకెట్లు తీసేసి ఉన్నారని బతికి బయటపడ్డవాళ్ళే చెప్పారు. కాసేపు షికారుకెళ్ళినవాళ్ళే ఉక్కకి తట్టుకోలేకపోతే రోజంతా పనిచేసేవాడి సంగతేంటి. కాబట్టి ఏదో ఒక జాకెట్ కొని ఫోటో దిగి పంచేస్తే అయిపోదు, చేతులు ఆడేలా చంకలు బాగా కోసినవి, పల్చటి వల గుడ్డవి, ముందు జిప్పు ఉన్నవి చూసి, పనిచేసేవాళ్ళతో ఒక వారం వేయించి, వాళ్ళు ఒప్పుకున్నవి కొనాలి. నేను చూసిన ఒక మత్స్యకారుల సొసైటీ ఆఫీసులో స్కీము కింద వచ్చిన జాకెట్లు ప్లాస్టిక్ కవర్లు కూడా తీయకుండా బీరువా మీద పేర్చి ఉన్నాయి, అడిగితే "ఇస్తే పాడు చేస్తారండీ" అన్నారు. పాడవడానికే కదండీ ఇచ్చింది!

రిజర్వాయర్ల దగ్గరకొస్తే లెక్క ఇంకా మారిపోతుంది. నాగార్జున సాగర్, శ్రీశైలం, ఇవి పేరుకి జలాశయాలు, గాలి లేస్తే చిన్నసైజు సముద్రాలు. అక్కడ చేపలు పట్టేవాళ్ళల్లో విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వలస వెళ్ళినవాళ్ళు చాలామంది, ఒడ్డున పాకలేసుకుని ఏళ్ళ తరబడి ఉంటారు. పుట్టి మీద పోతారు, గుండ్రంగా బుట్టలా ఉంటుంది, ముందూ వెనకా లేదు, తెడ్డు ఆపితే గిర్రున తిరుగుతుంది. ఎక్కువగా మొగుడూ పెళ్ళాం కలిసే పోతారు, ఆవిడ తెడ్డు వేస్తే ఆయన వల తీస్తాడు. సాయంత్రం వల కట్టి తెల్లారుజామున తీయడం పద్ధతి, ఎండాకాలం సాయంత్రాలే ఈదురుగాలులు వచ్చేది. పుట్టి తిరగబడితే ఒక ఇంట్లో సంపాదించే ఇద్దరూ ఒకేసారి నీళ్ళలో ఉంటారు. వాతావరణ శాఖ పిడుగులు, గాలులు అని ఫోన్లకి హెచ్చరికలు పంపుతోంది, మంచిదే, కానీ సిగ్నల్ లేని లోయలో ఉన్నవాళ్ళకి ఒడ్డున ఒక జెండానో సైరనో ఉంటే తప్ప ఆ మెసేజ్ అందేది వల తీసొచ్చాకే.

ఇక చట్టం. భవన నిర్మాణ కార్మికులకి 1996లో చట్టం వచ్చింది, 1998 కేంద్ర నియమాల్లో నీళ్ళలో పడే ప్రమాదం ఉన్నచోట పనిచేయిస్తే తనని తాను రక్షించుకునే సామాను, పడ్డవాళ్ళని రక్షించే సామాను యజమానే పెట్టాలని స్పష్టంగా రాశారు. అంటే బ్రిడ్జి కట్టే కూలీకి కాగితం మీదైనా హక్కుంది, అదే బ్రిడ్జి కింద మేత సంచి కట్టేవాడికి అడగడానికి అలాంటి కాగితం ఎవరూ చూపించరు. 2021లో వచ్చిన లోతట్టు నౌకల చట్టం ప్రధానంగా ఇంజన్ పడవల రిజిస్ట్రేషన్, సర్టిఫికెట్ల చుట్టూ తిరుగుతుంది, గెడతో నడిచే పడవనీ పుట్టినీ ఎవడు తనిఖీ చేస్తాడు. చేపల కూలీకి మిగిలేది బీమా, ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాదంలో చనిపోతే 5 లక్షలు. అది వద్దనడం లేదు, ఆ డబ్బుతో నిలబడే కుటుంబాలుంటాయి. అయితే అది పేరు నమోదైన మత్స్యకారుడికి, చేపల పట్టుబడికి ఆ రోజు లారీలో వచ్చిన కూలీ ఏ లిస్టులోనూ ఉండడు. పైగా నాకర్థం కానిది ఒకటుంది, చనిపోయాక ఐదు లక్షలిచ్చే ఏర్పాటు చేసిన చోటే, చనిపోకుండా ఉండటానికి ఇన్ని జాకెట్లు, ఇంత తాడు కొని ఇచ్చాకే లైసెన్సు అన్న షరతు పెట్టడానికి ఏమడ్డం? బైకు మీద హెల్మెట్ లేకపోతే ఫైనేస్తున్నప్పుడు నీళ్ళ మీద ఎందుకు కుదరదు.

ఒక మనిషిని బయటికి తీశాక జరిగేది కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అక్కడే పోతున్నారు. మొదట, వెనకాలే దూకొద్దు. మునిగేవాడు దూకినవాడి మెడ పట్టుకుంటాడు, అది శత్రుత్వం కాదు, భయం, ఒకడి కోసం దిగి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలన్నీ ఇలాంటివే. క్యాను విసరండి, గెడ అందించండి, పంచె ముడేసి విసరండి, పడవ తీసుకెళ్ళండి. బయటికి తీశాక మన ఊళ్ళల్లో చేసేది కడుపు నొక్కి నీళ్ళు కక్కించడం, తలకిందులుగా ఎత్తి ఊపడం. దానివల్ల టైము పోతుంది, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ మనిషికి కావాల్సింది గాలి. నాలుగైదు నిమిషాలు గాలి అందకపోతే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి నోట్లోకి ముందు రెండు సార్లు ఊదాలి, ఆ తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు గట్టిగా నొక్కాలి, మళ్ళీ రెండు ఊపిర్లు, 108 వచ్చేదాకా ఆపకుండా. ఉన్నట్టుండి గుండె ఆగినవాడికి ఉత్త ఛాతీ నొక్కినా సరిపోవచ్చు కానీ మునిగినవాడికి ఊపిరి ఊదడమే ముఖ్యం. తేరుకుని లేచి కూర్చున్నా సరే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, తర్వాత కూడా ఊపిరి ఇబ్బంది రావచ్చు. గట్టు మీద ఎరువుల కంపెనీ క్యాలెండర్ వేలాడుతుంది కదా, దాని పక్కన ఇది కూడా ఒక కాగితం మీద బొమ్మలేసి అంటించొచ్చు, తెలుగులోనూ ఒడియాలోనూ.

పోయిన పండక్కి మా చిన్న బాబాయితో ఈ గొడవ పెట్టుకున్నాను. ఆయన మూర్ఖుడు కాదు, చెరువు లెక్కల్లో ఆయన్ని మించినవాడు మా ఊళ్ళో లేడు. మొత్తం విని ఆయనన్న మాట, "ఒరే అబ్బాయ్, జాకెట్లు కొని షెడ్డులో పెట్టాననుకో, వాళ్ళు వేసుకోరు, రేపేదన్నా అయితే ఉండి కూడా ఎందుకు వేయించలేదని నా మీదకొస్తారు. కొనకపోతే అసలు అడిగేవాడే లేడు." నేనేదో జవాబు చెప్దామనుకున్నాను గానీ చాలాసేపు నోరు పెగల్లేదు, ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. జాగ్రత్త పడినవాడికి పూచీ, పడనివాడికి సుఖం, ఇప్పుడున్న పద్ధతి ఇదే. మా బాబాయి మంచోడా చెడ్డోడా అన్నది కాదు ప్రశ్న, అందరి మీదా ఒకేసారి పడితే తప్ప ఏ ఒక్కడూ ముందుకు రాడు, పక్క చెరువువాడు పెట్టని ఖర్చు ఈయన పెట్టడు.

అందుకే నేను లీజు కాగితం పట్టుకున్నాను. మా దగ్గర చెరువు లీజుకిచ్చేటప్పుడు రాయనిది లేదు, ట్రాన్స్‌ఫార్మర్ కాపలా ఎవరిది, కరెంటు బిల్లు ఎవరిది, గట్టు తెగితే మట్టి ఎవరు పోయాలి, చివరికి గట్టు మీది కొబ్బరికాయలు ఎవరికి అన్నది కూడా రాసుకుంటారు. అందులో ఇంకో నాలుగు లైన్లు పెట్టమన్నాను: పడవకి ఒక తాడు కట్టిన క్యాను, నీళ్ళ మీదకెళ్ళే ప్రతి మనిషికీ ఒక జాకెట్, రాత్రి పూట పడవెక్కితే గట్టు మీద రెండో మనిషి టార్చి పట్టుకుని ఉండాలి, పాక చుట్టూ దడి, వీటి ఖర్చు లీజుదారుడిది, లేకపోతే లీజు రద్దు చేసే హక్కు చెరువు యజమానిది. సొసైటీలూ పంచాయతీలూ చెరువులు లీజుకిచ్చే చోట ఇదే మాట టెండరు షరతుల్లో పెట్టొచ్చు, అప్పుడు వేలం పాడేవాళ్ళందరికీ ఒకే ఖర్చు, ఎవరికీ నష్టం లేదు. బాబాయి తన చెరువు వరకు క్యాన్లకీ తాళ్ళకీ దడికీ వెంటనే సరే అన్నాడు. రెండో మనిషి అంటే ఇంకో జీతం కదరా అని గొణిగాడు. జాకెట్ల దగ్గర మాత్రం బేరం ఇంకా నడుస్తోంది, ఇద్దరికి కొంటానంటాడు, చెరువు మీద ఆరుగురున్నారు.